రన్‌వే చివర సమాధి

సుంగై సిపుట్ దగ్గరి విమానాల మైదానాన్ని యుద్ధకాలంలో జపానువాళ్లు వేయించారు. సముద్రం దాటి వలసొచ్చిన రబ్బరు తోటల కూలీల చేత గంపలతో మట్టి మోయించారు. పోలమ్మ మోసింది, ఆమె మొగుడు అప్పన్న మోశాడు. అప్పన్న జ్వరంతో పనిలోనే పోతే రన్‌వే చివర పూడ్చి రాయి పాతారు.

జపానువాళ్లు పోయి తెల్లవాళ్లు తిరిగొచ్చారు. అడవిలోని కమ్యూనిస్టులతో పోరు ముదిరి ఎమర్జెన్సీ పెట్టారు. కూలీలుండే ఇళ్ల లైన్లకూ మైదానానికీ మధ్య ముళ్లకంచె లేచింది. అడవిలోవాళ్లకు చేరుతుందని అన్నం ముద్ద కూడా కంచె దాటనిచ్చేవారు కాదు.

అప్పన్న తద్దినం నాడు పోలమ్మ ఆకులో అన్నంతో గేటుకెళ్లింది. తెల్ల అధికారి ఏదో అన్నాడు. దుబాసీ మణియం దాన్ని విప్పి చెప్పాడు, అన్నం లోపలికి పోకూడదని.

"సచ్చినోడు అడివికెల్లి వొడ్డిస్తాడేటి?" అని పోలమ్మ కంచె పక్కనే చతికిలబడింది. ఆకు పరిచి కాకుల్ని పిలిచింది. అవి మూకగా దిగి, మెతుకులు కరుచుకుని, కంచె మీదుగా రన్‌వే మీద వాలాయి. దిగబోతున్న విమానం మళ్లీ పైకి లేవాల్సి వచ్చింది.

ఆమెను లాకప్పులో వేసి, కొన్నాళ్లకు వదిలారు. మరుసటి ఏడూ వెళ్లి కూర్చుంది. మళ్లీ లాకప్పే. లైన్లలోవాళ్లు వద్దని బతిమాలారు.

"మట్టి మొయ్యమన్నప్పుడు నన్నెవులూ ఆపనేదు," అంది.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. మైదానంలో ప్రయాణికుల విమానాలు దిగసాగాయి. కంచె మాత్రం అలాగే ఉంది. కొత్త అధికారి వెంకటరావు ఓ తోట గుమాస్తా కొడుకు. ఆ ఏడు పోలమ్మ ఆకుతో ప్రయాణికులు వచ్చే ముందు గుమ్మంలోంచే నడిచింది.

"టిక్కెట్టున్నవాళ్లే రావాలమ్మా. అర్జీ పెట్టుకో, పైవాళ్లని అడుగుతాను," అన్నాడతను.

"సొతంత్రం వొచ్చినాదన్నారు కద బాబూ. ఇంకా నానెవుల్ని అడగాల?"

"రూలు నేను పెట్టింది కాదు."

"మరయితే నీకేటి బాద? అడ్డు లెగు."

వెంకటరావు ఫోను మీద చెయ్యి వేశాడు. ఆమె అప్పటికే రన్‌వే మీద అడుగు పెట్టింది. విమానం కదలబోతోంది. అతను ఫోను వదిలి, ఎర్రజెండా లాక్కుని పరుగెత్తాడు. విమానం ఆగింది. ప్రయాణికులు కిటికీల్లోంచి చూస్తుండగా పోలమ్మ తొందరపడకుండా దాటింది.

రాయి చుట్టూ గడ్డి పీకి ఆకు పరిచింది.

"ఆలీసమైనాది," అంది మొగుడితో. "రానిచ్చినారు కాదు. నానే వొచ్చినాను."

ఆ నెల్లోనే వెంకటరావు సమాధి దగ్గర కంచెకు చిన్న తలుపు పెట్టించాడు. పోలమ్మ బతికున్నన్నాళ్లూ ఎవరినీ అడక్కుండా ఆ తలుపు తీసుకుని వెళ్లొచ్చింది.