కట్ట మీద మనిషి

నానబెట్టిన బొరుగులను రెండు చేతులతో పిండి ఉగ్గానికి పక్కన పెడుతున్నప్పుడు వెలుగోడు నుంచి ఫోనొచ్చింది. మామయ్య ఏ ఫోనొచ్చినా స్పీకరులో పెట్టే మాట్లాడతాడు, అందుకని మా ఇంట్లో రహస్యాలు నిలవవు. రిజర్వాయరు కట్ట కింద టీ అంగడి నడిపే నిజాముద్దీన్ గొంతు వంటింటి దాకా వచ్చింది.

"మాస్టరూ, రాత్రంతా నీళ్లలోనే ఉంచినా. పొద్దున లోపలంతా చెయ్యి పెట్టి తడిమి చూసినా. చుక్క నీళ్లు పట్టలేదు. మీ పడవ బతికిందప్పా."

మామయ్య ఫోను దగ్గరికి వంగి, "రేపు గాలెట్ల ఉంటాది?" అన్నాడు.

"ఉండక యాడికి పోతాది, మరియక్క దినం గదా. కాలువకు నీళ్లొదిలినారు, రిజర్వాయరు నిండుగా ఉంది. బేగా వచ్చేయండి."

యోనా నోట్లో బ్రష్షుతోనే పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి, నా తడి చేతులు పట్టుకొని వంటింట్లో గిర్రున తిప్పాడు. బొరుగులు సింకులో, నేల మీద, నా జడలో. మామయ్య మర్యాదగా పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వెనక ఆయన భుజాలు కదులుతున్నాయి, నవ్వుకో, మరి దేనికో.

మా పెళ్లి మే నెలలో అయింది. నాకింకా అన్నీ సంబరంగానే ఉన్నాయి. గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకొని ఉండటం సంబరం. ఆళ్లగడ్డ బస్టాండులో ఎవరైనా "యాడికి మేడం?" అంటే "నంద్యాలకు, ఇంటికి" అని చెప్పడం సంబరం. మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ గుడ్లురుముతుంది కాబట్టి ఆమె ముందు "ఏమప్పా" అని పిలిచి, వాకిలి దాటగానే యోనా, యోనా అని పదిసార్లు అనుకోవడం సంబరం. బైబిల్లో పడవలోంచి సముద్రంలో పడిన మనిషి పేరు కొడుక్కు ఎవరైనా పెట్టుకుంటారా అంటే మా మామయ్య పెట్టుకున్నాడు. ఆయన పేరు జకరయ్య. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. కాలేజీలో చదివే రోజుల్లో ఎన్‌సీసీ వాళ్లు విశాఖపట్నం తీసుకుపోయి తెరచాప పడవ ఎక్కించారంట. ఆ గాలి తలకెక్కింది, మళ్లీ దిగలేదు. నంద్యాల తిరిగొచ్చి, ఉద్యోగం, పెళ్లి అయినాక ఒక వడ్రంగిని పట్టుకొని, సొంతంగా చిన్న పడవ చేయించుకున్నాడు. తాగే నీళ్లకు బిందెలు వరస పెట్టే ఊళ్లో పడవేందప్పా అని వీధంతా నవ్విందంట. ఆయన దాన్ని వెలుగోడు తీసుకుపోయి నీళ్లలో వదిలాడు. దాని తెరచాపను ఇంట్లో మిషను మీద మా అత్తే కుట్టింది. పడవ ముక్కు మీద తెల్ల పెయింటుతో ఆమె పేరే రాయించారు, మరియ అని. అత్త పోయినాక ఎవరికీ మనసు రాక, పడవ నిజాముద్దీన్ షెడ్డులో బోర్లపడే ఉండిపోయింది. రేపటికి రెండేళ్లు. మా పెళ్లయినాక యోనాయే మళ్లీ దాన్ని తిరగేసి, పగుళ్లు పూయించి, రంగేయించాడు.

నేను అత్తను చూడలేదు. కానీ ఆమె ఎత్తు నాకు తెలుసు. ఈ వంటింట్లో గరిటెలు తగిలించే మేకులు, ఉప్పు డబ్బా పెట్టే అర, అన్నీ నా భుజం కిందికే ఉంటాయి. పొట్టి మనిషి. ఉప్పు కోసం వంగిన ప్రతిసారీ ఆమె పక్కన నిలబడినట్టే ఉంటుంది నాకు. పెళ్లిలో వచ్చిన బంధువులందరూ ఒకటే మాట చెప్పారు, "మీ అత్తకు ఆ పడవంటే ప్రాణమమ్మా" అని. ఆ ఒక్క మాటతో నాకామె మీద ప్రేమ పుట్టింది. పడవంటే ప్రాణం పెట్టే అత్త ఎంతమందికి దొరుకుతుంది?

ఉగ్గాని ప్లేట్లలో పెట్టేలోపల మామయ్య బీరువా తెరిచి ఎర్ర గుడ్డ ఒకటి తెచ్చాడు. ఉతికి, మడత పెట్టి ఉంది, నాఫ్తలిన్ వాసన వేస్తోంది.

"ఇది మీ అత్తది. నీకే ఇయ్యాలని పెట్టినా," అన్నాడు. నిలబడే చెప్పాడు, డ్రిల్లు నేర్పినట్టు. "పడవలో ఉన్నోనికి దగ్గరి నీళ్లే కనపడతాయి. కట్ట ఎత్తు మీద నుంచి చూస్తే గాలొచ్చేది ముందే తెలుస్తాది. నీళ్ల మీద నల్లగా ఒక మచ్చ పరిగెత్తుకుంటా వస్తాది, అదే గాలి. కుడి నుంచి వస్తే కుడి చెయ్యెత్తేది ఈ గుడ్డతో. ఎడమ నుంచైతే ఎడమ. రెండూ ఎత్తి ఊపితే వెనక్కి రమ్మని. ఆమె నిలబడేదానికి బేతంచెర్ల నుంచి బండ తెప్పించి కట్ట మీద వేయించినా, కాళ్లకు ముళ్లు గుచ్చుకోకుండా. గాలిని ఆమె చూసినట్ల నేవీవాళ్లు గూడా చూడలేరు. ముప్పై ఏండ్లు ఆ చెయ్యి చూసే చుక్కాని తిప్పినా నేను. నువ్వు ఫిజిక్సు చదివినావు, నీకు రెండు రోజుల్లో వచ్చేస్తాది. ఇంక మనకు కట్ట మీద మనిషి ఉంది."

ఆ గుడ్డను నేను నగ తీసుకున్నట్టు రెండు చేతులా తీసుకున్నాను. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంబరంలోనే అడిగాను, "అత్త పడవలో ఏ పక్క కూచునేది మామా?"

యోనా నవ్వాడు. "అమ్మా? అమ్మ యాడెక్కింది పడవ? కట్ట మీద ఎవరుండాల మళ్ల?" అని ప్లేటు ముందుకు జరిపాడు. "ఉగ్గాని ఇంకొంచెం వెయ్యి ప్రవళీ, సూపరుంది."

వేశాను. సూపరుందన్నందుకు మురిసిపోయాను కూడా. ఆ ప్రశ్న నాతోపాటు బస్సెక్కింది.

నేను ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు జూనియరు కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. మా పుట్టిల్లూ ఆ ఊరే, అందుకని పెళ్లికి ముందు నడిచి పోయేదాన్ని, ఇప్పుడు బస్సులో పోతాను. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డమొచ్చి బస్సు ఆగింది. ఎర్ర గుడ్డ నా బ్యాగులో ఉంది. ఎవరికీ చూపించకపోయినా వెంట ఉంటే బాగుంటుందని తెచ్చుకున్నాను. కిటికీ దగ్గర కూర్చొని రేపటి సంగతి ఆలోచించాలనుకున్నాను. యోనా చాప తాడు లాగుతుంటాడు, నేను పక్కన, చున్నీ ఎగురుతుంటుంది. ఈ ఫోన్ వచ్చేదానికి నెల ముందు నుంచే నేను ఇట్లాగే కలలు కంటున్నాను. కానీ ఇప్పుడు కలలో నేను పడవలో లేను. పడవ దూరంగా, బొటనవేలంత ఉంది, నేను ఎండలో బండ మీద నిలబడి చెయ్యెత్తుతున్నాను. నాకు కోపం రాలేదు. ఈ ఇంట్లో ఎవరి మీదా కోపం తెచ్చుకునే కారణం నాకు లేదు. కాళ్లకు ముళ్లు గుచ్చుకోకుండా బండ వేయించిన మనిషి ఆయన. కానీ ఒక లెక్క కుదరడంలేదు. పడవంటే ప్రాణమున్న మనిషి, దాని చాప కుట్టిన మనిషి, తన పేరు దాని ముక్కు మీద ఉన్న మనిషి, ముప్పై ఏళ్లు దాన్ని కట్ట మీద నుంచి చూసిందా? పొద్దున్నే లేచి అందరికీ వండి, క్యారియర్లు కట్టి, చెప్పులకూ బట్టలకూ కాపలా ఉండి, గాలిని కూడా ఆమే చూసిందా? అది పనని ఎవరికీ తోచలేదు. ప్రేమ అన్నారు. ప్రేమే అయ్యుంటుంది. నేను యోనాకు మళ్లీ ఉగ్గాని వేసింది కూడా ప్రేమతోనే.

కాలేజీని చూసేందుకు ఎవరో పెద్దాయన వచ్చాడు. ప్రిన్సిపాలుగారు స్టాఫ్ రూములోకి తల పెట్టి, "ప్రవళిక మేడం, టీలు మీరు అందిస్తే బాగుంటుంది, కొత్త పెళ్లికూతురు కళకళలాడతా ఉంటారు" అన్నాడు. లెక్కల సారు, కెమిస్ట్రీ సారు కుర్చీల్లోనే ఉన్నారు. వాళ్లూ కళకళలాడుతూనే కనిపించారు నాకైతే. ట్రే పట్టుకుపోయాను. వచ్చినాయన కప్పు తీసుకొని, మీరేం చెప్తారమ్మా అని కూడా అడగలేదు. అడిగుంటే గాలికి ఎదురుగా పడవ ఎట్లా పోతుందో చెప్పేదాన్ని. ఆ రోజు నా క్లాసు అదే.

బోర్డు మీద పడవ గీశాను, చాప గీశాను, గాలి బాణం గీశాను. గాలి ఎదురైనా సరే, చాపను ఏటవాలుగా తిప్పుకుంటే, అటోసారి ఇటోసారి మలుపుకుంటూ పడవ ముందుకే పోతుందని చెప్పాను. ముందు బెంచీలో పిల్ల లేచి అడిగింది, "మీరెక్కినారా మేడం?"

"రేపెక్కుతా," అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. వచ్చాక మాత్రం క్లాసంతా విన్నది. నాకు నీళ్లంటే భయం లేదు. చిన్నప్పుడు మా నాయన నా వీపుకు ఖాళీ నూనె క్యాను కట్టి తోట బావిలోకి తోసి ఈత నేర్పించాడు. వేసవిలో మగపిల్లలకు నేర్పిస్తుంటే, నేను గట్టు మీద కూర్చొని ఏడ్చి ఏడ్చి దిగిన ఈత అది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామయ్య వసారాలో కూర్చొని కొత్త తాడు కొసలు విడిపోకుండా దారం చుడుతున్నాడు. పక్కన నేను రేపటికి బియ్యం ఏరుతున్నాను. యోనా గడప మీద కూర్చొని కాళ్లు ఊపుతూ చెప్తున్నాడు, "అమ్మ అయితే చిత్రాన్నం, వడలు, ఎర్రకారం, కోడికూర. అన్నీ వేడివేడిగా ఉండేవి కట్ట మీద. ఎప్పుడు లేచేదో ఏమో." అమ్మ మీద బెంగ వాడికి. ఆ బెంగ చూస్తే నాకు వాణ్ణి ఒళ్లోకి తీసుకోవాలనిపిస్తుంది.

"మామా," అన్నాను బియ్యంలోంచి తలెత్తకుండా, "ఇన్నేండ్లలో అత్త ఒక్కసారన్నా అడగలేదా, నేనూ ఎక్కుతానని?"

దారం చుడుతున్న చెయ్యి నెమ్మదించింది.

"అడగకేం. ఒకసారి అడిగింది. వీడు చిన్నోడు అప్పుడు. కట్ట దిగి నీళ్ల దాకా వచ్చేసింది, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని. 'ఏమప్పా, ఈ పొద్దు నేనూ ఎక్కుతా. నడిమికి పోయి, ఆడి నుంచి మన కట్ట ఎట్ల అగుపడతాదో చూడాల' అనింది. ఆ పొద్దు నీళ్లు అద్దం మాదిరి ఉన్నాయి. 'గాలి లేదు మరియా, ఎక్కి ఏం చేస్తావ్, ఉన్నకాడనే ఉంటాది పడవ. గాలుండే పొద్దు పోదాంలే' అన్నా. సరేలే అని నవ్వి కట్టెక్కింది."

"మళ్ల గాలుండే పొద్దు?"

"గాలుండే పొద్దు..." అని ఆగాడు. తాడు ఒళ్లోకి జారింది. "గాలుండే పొద్దు ఆమె కట్ట మీద కావాల గదమ్మా."

ఆ మాట ఆయనే అన్నాడు, ఆయనే విన్నాడు. యోనా కాళ్లు ఊపడం ఆపేశాడు. వీధిలో ఎవరో ఆటో స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్లిపోయింది.

నేను బియ్యం చాట తీసుకొని లోపలికి పోయాను. చాట గట్టు మీద పెట్టి, బ్యాగులోంచి ఎర్ర గుడ్డ తీశాను. రేపు నేను ఆ బండ మీద నిలబడితే బాగానే నిలబడతాను. గాలిని చూడటం నేర్చుకుంటాను. నన్నూ మెచ్చుకుంటారు. కొన్నేళ్లకు పెళ్లిళ్లలో నా గురించి కూడా చెప్తారు, ప్రవళికకు పడవంటే ప్రాణమని. ఏదో ఒక రోజు నేను ఈ గుడ్డ ఉతికి, మడత పెట్టి, నాఫ్తలిన్ వేసి, నా కోడలి చేతుల్లో పెడతాను. ఆ పిల్ల కూడా సంబరపడుతుంది. అత్త మేకులకు తగిలించిన గరిటెలను చూస్తూ కాసేపు నిలబడ్డాను. అవి ఆమె ఎత్తుకే ఉన్నాయి. ఆమెకు అందనిది ఒక్కటే ఉండిపోయింది.

వసారాలోకి వచ్చి గుడ్డను మామయ్య ఒళ్లో, తాడు మీద పెట్టాను. గొంతు క్లాసులో ఉన్నట్టే వచ్చింది.

"మామా, రేపటికి ఒకటి అనుకున్నా. వినండి. రేపు ఎవరూ ఏమీ వండరు. దారిలో బండి ఆత్మకూరులో ఇడ్లీలు కట్టించుకుందాం, చల్లారితే చల్లారినాయి. యోనాతో పడవ నేనెక్కుతా. అత్త బండ మీద మీరు నిలబడండి."

"నాయనకు గాలి చూసేది ఏం తెలుసు?" అన్నాడు యోనా, మెల్లగా. వద్దన్నట్టు లేదు, భయమేసినట్టు ఉంది. "ఎప్పుడూ పడవలోనే గదా ఆయన. నీళ్ల నడుమ మనిద్దరం ఏమైపోవాల?"

"తడిసిపోతాం. నాకు ఈతొచ్చు. నీకు రాకపోతే పట్టుకుంటా."

వాడు నవ్వాడు, ముక్కు తుడుచుకుంటూ. మామయ్య గుడ్డ మడత విప్పాడు. కుడి చెయ్యి కొంచెం పైకెత్తాడు, దించాడు. ఎడమ చెయ్యి ఎత్తాడు. ముప్పై ఏళ్లు దూరం నుంచి చూసిన చెయ్యిని ఇప్పుడు తన భుజంలో వెతుక్కుంటున్నాడు.

"ఎండకు టోపీ పెట్టుకోవాల," అన్నాడు చివరికి. "ఆమె ఎట్ల నిలబడేదో ఏమో అంతసేపు. ఎన్నింటికి పోదామ్మా?"

"తెల్లారంగానే బయల్దేరదాం," అన్నాను. "నడిమికి పోయినాక చాప దించి కాసేపు ఆగుతాం. ఆడి నుంచి మన కట్ట ఎట్ల అగుపడతాదో కళ్లారా చూసి, సాయంత్రం సమాధి కాడ అత్తకు నేనే చెప్తా."