టపాలో వచ్చిన బొమ్మలు

రిటైరయ్యాక అహ్మద్ అలీకి దొరికిన పని విచిత్రమైనది. హైదరాబాద్‌లో ఒక సంస్థ టపా ద్వారా బొమ్మలు వేయడం నేర్పేది. అందులో చేరినవాళ్లు వేసి పంపినవన్నీ వారం వారం కట్టగా నకిరేకల్‌లో ఆయన ఇంటికి వచ్చేవి. ఎర్ర పెన్సిలుతో దిద్ది, పక్కన రెండు మాటలు రాసి పంపాలి. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పిన మనిషికి ఇప్పుడు ముప్పై రెండు మంది శిష్యులు. ఒక్కరి ముఖమూ తెలియదు.

భార్య జాహేదా పోయి నాలుగేళ్లు. పొద్దంతా ఆయన ఆ కాగితాలతోనే మాట్లాడేవాడు. "ఏంది బిడ్డా, బర్రెకు మూడు కాళ్లే పెట్టినవ్?" అని తనలో తనే నవ్వుకునేవాడు.

కోస్గి బాలికల హాస్టల్ నుంచి పంపే గుర్వమ్మ అంటే మరీ ఇష్టం. ఆ పిల్ల పెన్సిలు ముట్టదు, అన్నీ బొగ్గుతోనే. వంకాయలు, వంట గంజులు, పడుకున్న పిల్లి. "బిడ్డా, చేతులు కడుక్కొని కూసో. నీడ మాత్రం మంచిగ పట్టినవ్" అని రాసేవాడు. ఏ క్లాసని రెండుసార్లు అడిగాడు. జవాబు రాలేదు.

తొంభై ఒకటి వానాకాలంలో సంస్థ మూతపడింది. ఆఖరి కట్టలో గుర్వమ్మ బొమ్మ ఉంది: పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి, వెనక నుంచి. కుడి భుజం కిందికి జారింది. ఆయన దిద్దాడు. కానీ పంపించేవాళ్లు లేరు. రెండు రోజులు దాన్ని చూస్తూ గడిపి, మూడో రోజు బస్సెక్కాడు.

హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ నర్సింహ నవ్వాడు. "గుర్వమ్మకు క్లాసేంది సార్? గామె వంటామె."

వంటింట్లో యాభై ఏళ్ల మనిషి పిండి చేతులతో లేచి నిలబడింది. ఆయన చేతిలోని కాగితం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మా అవ్వ పోయినంక నన్ను బిడ్డా అన్నోళ్లు లేరు సార్. చెప్తే మీరు గూడ అనరని..."

ఆయన బొమ్మ భుజం మీద తాను గీసిన ఎర్ర గీత చూపించాడు. ఆమె జంకుతూ అంది:

"తప్పు కాదు సార్. ఇరవై ఏండ్లు పెద్ద గంజులు మోసి నా భుజం గట్లనే అయింది."

అహ్మద్ అలీ ఆమె భుజం వైపు చూశాడు. జేబులోంచి రబ్బరు తీసి, కింద కూర్చుని, తన గీతను పూర్తిగా చెరిపేశాడు.

"నాదే తప్పు బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత గుర్వమ్మ కవర్లు నేరుగా ఇంటికే వచ్చేవి, నెలకొకటి. మిగతా ముప్పై ఒక్క మందికీ ఆయన కార్డులు రాశాడు. ఎవరి దగ్గరి నుంచీ జవాబు రాలేదు.