తొమ్మిదేళ్ళ చెయ్యి

వడ్రంగి చొక్కాలన్నిటికీ ఎడమ కఫ్ సగం కొలతకే కుట్టేది భార్య. మణికట్టు దగ్గర్నుంచి అతని ఎడమ చెయ్యి తొమ్మిదేళ్ళ పిల్లవాడిది మరి. నలభై ఏళ్ళ మనిషి కుడిచెయ్యి కాయలు కాసి మొద్దుబారితే, ఎడమది మెత్తగా, గోళ్ళ మీద తెల్లమచ్చలతో ఉండేది. వీధిలో ఎవరికీ అదో వింత కాదు. మంగలి ఆ గోళ్ళు తీయడానికి చిన్న కత్తెర విడిగా ఉంచాడు కూడా.

రంపం గీత మీద పడకూడదు. గీతకి అవతల, పారేసే వైపు కోయాలి. లేకపోతే రంపం మందమంత చెక్క తగ్గిపోతుంది. కుడిచేతివాళ్ళ పక్కన నించుని నేర్చుకున్న ఎడమచేతివాళ్ళు, గీత రంపం చాటున పడి కనపడక, తప్పు పక్క కోసేస్తారు. తొమ్మిదో ఏట వడ్రంగి చేసింది అదే. తలుపు చెక్క పొట్టిదైంది. తండ్రి వాడి ఎడమ చేతివేళ్ళని, చెక్క కదలకుండా బిగించే ఇనప వైసులో పెట్టి, విరిగేదాకా పిడి తిప్పాడు. "ఏడిస్తే ఇంకో చుట్టు," అన్నాడు. వాడు ఏడవలేదు. ఎముకలు అతుక్కున్నాయి గానీ, చెయ్యి మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయింది.

ఏడుపు రాని మనిషికి కొట్టడం వచ్చింది. పనివాడొకడికి రెండు పళ్ళు రాలాయి. భార్యకి ఎడమ చెవి వినపడకుండా పోయింది. కూతురి మీద మాత్రం ఇంతవరకు చెయ్యి పడలేదు. ఎప్పుడు పడుతుందోనని అతనికే లోపల దడగా ఉండేది. పాపకి ఆ ఏడు తొమ్మిది నిండాయి. అది కూడా అన్నం ఎడమచేత్తోనే తినేది.

బడికి సెలవైన ఒక మధ్యాహ్నం వడ్రంగి తలుపు చెక్కని కొలిచి చూశాడు. పొట్టిదైంది.

"ఎవరు కోశారిది?"

"నేనే నాన్నా. నీకు సాయంగా ఉంటుందని..."

"ఏ చేత్తో?"

పాప ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకుంది.

మూల స్టూలు మీద కూర్చున్న అతని ముసలి తండ్రి నవ్వాడు. "నీ కూతురే, సందేహం లేదు. ఆనాడు నిన్ను దారిలో పెట్టబట్టే మనిషివయ్యావురా. దీన్ని వదిలేశావా, నెత్తికెక్కుతుంది."

వడ్రంగికి ఒళ్ళు తెలియలేదు. పాప చెంప పేలింది. బల్ల అంచుకి కొట్టుకుని పెదవి చిట్లింది. జుట్టు పట్టి లేపి, వైసు దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు.

"వద్దు నాన్నా! ఇంకెప్పుడూ కొయ్యను నాన్నా!"

"ఏడిస్తే ఇంకో చుట్టు."

తన నోట తండ్రి మాట అతనే విన్నాడు. అయినా కుడిచెయ్యి ఆగలేదు. పాప వేళ్ళని వైసు ఇనప దవడల మధ్య పెట్టి నొక్కి పట్టింది. ఇక పిడి తిప్పాల్సింది ఎడమ చెయ్యే.

అది పిడి దగ్గరికి వెళ్ళలేదు. దవడల మధ్యకి దూరి, తనంతే ఉన్న పాప చేతిని బయటికి తోసేసి, తను అక్కడ పడుకుంది.

"ఏంట్రా ఆలస్యం? నువ్వు పట్టుకో, నేను తిప్పుతా," అంటూ ముసలాయన లేచొచ్చాడు. శుక్లాలు కమ్మిన కళ్ళకి చిన్న చెయ్యొకటి ఆనింది. అది పాపదే అనుకుని బలంకొద్దీ తిప్పాడు. ఎముకలు పటపటా విరిగాయి. వడ్రంగి ఆనాటిలాగే కదల్లేకపోయాడు. కానీ ఈసారి ఏడ్చాడు. వీధి చివరిదాకా వినపడేలా, అమ్మా అని ఏడ్చాడు.

"ఏడిస్తే ఇంకో..." అంటుండగానే కుడిచెయ్యి ముసలాయన గొంతు పట్టుకుంది. ఆయన కళ్ళు తేలేశాడు. చంపేసేవాడే. పక్కన పాప వెక్కుతూ, రెండు చేతులతో పిడిని వెనక్కి తిప్పుతోంది. అది చూసి వదిలేశాడు.

ముసలాయన్ని ఆ సాయంత్రమే వడ్రంగి అన్నగారింటికి పంపేశారు. లోపల చెయ్యి పెరుగుతోందని డాక్టరు రెండుసార్లు కట్టు వదులు చేశాడు. విప్పేసరికి అది కుడిచెయ్యంత ఉంది. భార్య కూర్చుని ఎడమ కఫ్‌లన్నీ విప్పి కుట్టింది. ఆమె చెవి మాత్రం అలాగే ఉండిపోయింది.

వడ్రంగి ఒక చెక్క మీద గీత గీసి, రంపం ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఎలా కోస్తారే దీన్ని? కాస్త చూపించు," అన్నాడు.

పాప వెంటనే దగ్గరికి రాలేదు. అతని కుడిచెయ్యి ఎక్కడుందో ముందు చూసింది. అతను దాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

అప్పుడొచ్చింది. "అటు కాదు నాన్నా," అంది, "గీతకి ఇవతల నించో."