రద్దయిన పాస్‌పోర్టుకు మిఠాయి

పాస్‌పోర్టు ఫోటోలు తీసే ఆయన్ని వీధంతా ‘నవ్వొద్దు బాబాయి’ అంటుంది. స్టూలు మీద ఎవరు కూర్చున్నా “గడ్డం కాస్త ఎత్తు, నవ్వొద్దు” అనడం ఆయనకు ఊతపదం. ఒకసారి పెళ్లి ఫోటోల్లోనూ అదే అనేసి పెళ్లికొడుకు చేత చీవాట్లు తిన్నాడు.

ఆయన కొడుకు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. వాడు పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్ననాడు బాబాయి మురిసిపోయాడు.

“చూశావటే, నేను నోరు విప్పకుండానే ఫోటో అయిపోయింది! రాయిలా కూర్చున్నాడు,” అని భార్య దగ్గర గొప్పలు పోయాడు.

“మీకు ఫోటో కుదిరితే చాలు. వాడు ఇంట్లో నవ్వి ఎన్నాళ్లయిందో ఎప్పుడైనా చూశారా?” అందావిడ.

ఆ మాట బాబాయికి గుచ్చుకుంది. పాస్‌పోర్టు చేతికొచ్చాక కొడుకును కూర్చోబెట్టి అడిగాడు. వాడు దాచలేదు సరికదా, గర్వంగా చెప్పాడు. పరాయి దేశంలో సంతలో బాంబు పెట్టిన ముఠాకి ఫోన్‌లో ప్రచారం చేసేది తనేనట. వచ్చే నెల వెళ్లి వాళ్లలో చేరతాడట.

“ఆ సంతలో పసిపిల్లలు కూడా పోయార్రా!”

“యుద్ధమన్నాక తప్పదు నాన్నా.”

ఆ రోజు తండ్రి ఏడ్చాడు.

పాఠకులారా, ఇలాంటప్పుడు మనలో చాలామంది పరువు పోతుందని తలుపులు మూసుకుంటారు. ఆ దంపతులు మాత్రం తిన్నగా పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి ఉన్నదంతా చెప్పారు. అధికారులు విచారించి, కొడుకు వాదన కూడా విని, పాస్‌పోర్టు రద్దు చేశారు. వారం వారం పోలీసులకు కనబడి వెళ్లమన్నారు.

కొడుకు గదిలో గడియ పెట్టుకున్నాడు. బాబాయి మిఠాయి పొట్లంతో వీధిలోకి వచ్చాడు. కిరాణా కొట్టాయన నోరెళ్లబెట్టాడు.

“పాస్‌పోర్టు వస్తే పంచుతారు గానీ, పోతే పంచుతారా బాబాయ్?”

“పాస్‌పోర్టంటే ఏంటనుకున్నావ్? ‘వీడు మావాడు, దారివ్వండి’ అని దేశం మన తరఫున పూచీ పడడం. జనాన్ని చంపేవాళ్లకి కొమ్ముకాస్తే ఏ దేశమైనా ఎందుకు పూచీ పడాలి? కన్నవాణ్ణి, నేనే పడలేకపోయా. అయినా పాస్‌పోర్టు పోయినంత మాత్రాన వాడు పరాయివాడు కాలేదు. కళ్లెదుట ఉన్నాడు, మంచీ చెడ్డా చెప్పుకుంటాం.”

“మరి అలిగాడటగా?”

“అలిగాడు. అన్నం మానేశాడు. ఇప్పుడెళ్లి బతిమాలుకుంటా. వాణ్ణి వెళ్లనిచ్చి ఉంటే, ఎవర్ని బతిమాలుకునేవాణ్ణి?”