అంకెలు పోయిన దూలాలు

బుధవారం ఉదయం పెద్ద వడ్రంగి షెడ్డులోకి వచ్చి, వరసగా పేర్చిన పద్దెనిమిది దూలాలనీ చూశాడు. అద్దంలా మెరుస్తున్నాయి.

"అంకెలేవి?" అన్నాడు.

మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్న ఇంటావిడ తమ్ముడికి ప్రశ్న అర్థం కాలేదు. ముప్పయ్యేళ్లుగా బీరువాలకీ బల్లలకీ పాలిష్ పెట్టి బతుకుతున్నవాడు. అక్క కొనుక్కున్న పాత గడ్డికొట్టం ఇల్లు కాబోతోందంటే చేతులు ఊరుకోలేదు. పని మానుకుని మరీ వచ్చి, మూడు రోజులు గీకి, రుద్ది, నూనె పట్టించాడు.

"ఏ అంకెలు?"

"సుద్దతో నేను రాసినవి. ప్రతి దూలానికీ రెండు కొసల్లోనూ."

"అవా? మురికనుకుని గీకేశాను," అన్నాడు తమ్ముడు.

కొట్టం ఉన్నచోట నేలంతా చెమ్మ. అందుకే వడ్రంగి దాన్ని ముక్కముక్కగా విప్పి, పక్కనే మెరక మీద కొత్త రాతి పునాది వేయించి, మళ్లీ నిలబెడుతున్నాడు. స్తంభాలు నిన్ననే లేచాయి. వాటి మీది అంకెలు భద్రంగానే ఉన్నాయి. ఏ దూలం ఏ స్తంభాల మీదికెక్కాలో చెప్పే అంకెలే గల్లంతయ్యాయి. క్రేను రేపు ఒక్క పూటే ఉంటుంది. ఎల్లుండి వడ్రంగి వేరే ఊళ్లో పనికి వెళ్లిపోతాడు, మళ్లీ వచ్చేది మూడు నెలలకి. అక్క మాత్రం ఈ నెలాఖరుకి అద్దె గది ఖాళీ చెయ్యాలి.

"ఏదో ఒకటి ఎక్కించేస్తే?"

"మిషను మీద కోసినవి కావయ్యా. పాతకాలంవాడు కంటికొలతతో చెక్కాడు. ఈ కొసన నాలుకలా ఉంది చూశావా? ఇది దాని గాడిలో తప్ప ఇంకెక్కడా కుదురుకోదు."

అంతలో అక్క వచ్చింది. సంగతంతా విని, తమ్ముడి మొహంలోకి చూసింది.

"చిన్నప్పుడు నా పుస్తకాలకి అట్టలేస్తానని, పేరు రాసిన పేజీలన్నీ చింపేశావు. నాకప్పుడే తెలియాల్సింది."

"తిట్టవే, తిట్టు."

"తిడితే అంకెలు తిరిగొస్తాయా? పాత పేపర్లు పట్రా."

అక్క దర్జీ. ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టదన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. వడ్రంగి నిచ్చెనెక్కి ప్రతి గాడి మీదా పేపరు అదిమి, పెన్సిలుతో అంచులు రుద్దాడు. అక్క ఆ గీతల వెంబడి కన్నం కత్తిరించి, పక్కన స్తంభం అంకె వేసింది. తమ్ముడు ఆ కాగితాలు పట్టుకుని ఒక్కో దూలం కొసకీ తొడిగి చూశాడు.

"బిగుతు," అన్నాడు.

"ఇంకోటి చూడు."

"వదులు."

"వదులైతే కుట్టి బిగించడానికి ఇదేమీ చొక్కా కాదు. ఇంకోటి చూడు."

సాయంత్రానికి పదహారు తేలాయి. మిగిలిన రెండూ కవలల్లా ఉన్నాయి. ఒకదాని కాగితం రెండోదానికీ అతికినట్టు సరిపోయింది.

"పైకలా కనిపిస్తాయంతే," అన్నాడు వడ్రంగి. "గాడి లోపలి వాలు కాగితానికందదు. తప్పు దూలాన్ని సుత్తితో దిగ్గొట్టామా, స్తంభం తల చీలుతుంది. అలాంటి స్తంభం మళ్లీ దొరకదు."

గురువారం ఉదయం పదకొండుకల్లా పదహారు దూలాలూ పైకెక్కాయి. క్రేను డ్రైవరు గడియారం చూసుకున్నాడు. కింద రెండు దూలాలు మిగిలాయి. ఒకటి గుమ్మం పక్కకి, ఒకటి లోపలి మూలకి. ఏది ఎక్కడికి?

తమ్ముడు వంగి ఒకదాని మీద అరచెయ్యి ఆనించాడు. కొసనుంచి కొసదాకా నిమిరాడు. రెండోదాన్నీ నిమిరాడు. మళ్లీ మొదటిదాని దగ్గరికొచ్చాడు.

"దీనిమీద పిట్టగూళ్లుండేవి," అన్నాడు. "మట్టి ఇంత మందాన పేరుకుపోయింది. ఒక పూటంతా గీకాను. ఇదిగో, ఇక్కడ ఉలి జారి గాటు కూడా పడింది. ఆ రెండోదానికి దుమ్ము తప్ప ఏమీ లేదు."

వడ్రంగి ఆలోచించాడు. "గూళ్లు గుమ్మం దగ్గరే ఉండేవి. ఆ దూలం విప్పింది నేనే. కానీ గీకింది ఈ దూలమేనని గట్టిగా చెప్పగలవా?"

తమ్ముడు ఆ గాటు మీద వేలు పెట్టి, రెండోదానివైపు మళ్లీ చూశాడు. వడ్రంగి అక్కవైపు తిరిగాడు.

"ఇల్లు నీది. నువ్వే చెప్పమ్మా."

అక్క తమ్ముణ్ని ఎగాదిగా చూసింది.

"అంకెల సంగతేమో గానీ, మురికి సంగతి వాడికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఎత్తండి."

దూలం గాల్లోకి లేచింది, మెల్లగా తిరిగింది, గుమ్మం పక్క స్తంభాల మీదికి దిగింది. వడ్రంగి సుత్తి ఎత్తాడు. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. ఒక దెబ్బ. రెండో దెబ్బకి చప్పుడు మారింది, నిండుగా, బరువుగా. కళ్లు తెరిచేసరికి వడ్రంగి అప్పుడే చెక్క చీల దిగ్గొడుతున్నాడు. స్తంభం తల చెక్కుచెదరలేదు.

అక్క గోడల్లేని ఇంట్లోకి నడిచివెళ్లి, ఆ దూలం కింద నిలబడి రెండు చేతులూ చాపి కొలుచుకుంది.

"కుట్టుమిషను ఇక్కడ పెట్టుకుంటాను. వెలుతురు బాగుంది."

"ఆ పాత తలుపుంది కదా అక్కా, దాన్ని ఓసారి..."

"నువ్వు దాన్ని ముట్టుకోకు."

తమ్ముడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.