ఐదో తాకట్టు

"మా ఇంట్లోది ఊరికే కూర్చోలేదప్పా. ఏదో కాలక్షేపానికి చేస్తా ఉంటాది."

వీధి అరుగు మీద స్నేహితుడితో వెంకటరాయప్ప ఆ మాట అంటున్నప్పుడు, లోపల అగరొత్తులు చుట్టే చెక్కపలక ముందు కూర్చున్న అతని భార్య అంజినమ్మ చేతి కింద ఊదుకడ్డీ ఒకటి పుటుక్కున విరిగింది. విరిగినదానికి కూలి లేదు. ఆమె దాన్ని పక్కకి విసిరి ఇంకో వెదురుపుల్ల అందుకుంది.

కాలక్షేపమట! తెల్లవారకముందే లేచి వీధి కొళాయి దగ్గర బిందె వరసలో పెట్టాలి. వచ్చి అత్తకి నీళ్లు కాచాలి. యుద్ధం పుణ్యమా అని బియ్యానికీ చక్కెరకీ కిరసనాయిలుకీ వేరు వేరు రోజుల్లో వేరు వేరు చోట్ల నిలబడాలి. పదకొండేళ్ల కూతురు సావిత్రికి జడ వేసి బడికి తోలాలి. చిక్కపేట జవళి అంగడిలో గుమాస్తాగిరీ వెలగబెట్టే మొగుడికి తొమ్మిదిన్నరకల్లా అన్నం పెట్టాలి. ఇవన్నీ అయ్యాక కదా ఆ పలక ముందు కూలబడేది. బొగ్గుపొడీ జిగటపొడీ కలిపి ముద్ద చేసి, చిటికెడు ముద్ద తీసి పుల్లకి అంటించి, అరచేత్తో ఒక్క తోపు తోస్తే ఒక కడ్డీ. అట్లాంటివి వెయ్యి తోస్తే మూడణాలు. రోజుకి పదిహేను వందలకి తగ్గితే ఆమెకి నిద్ర పట్టేది కాదు. కాలాన్ని ఖర్చుపెట్టడానికి ఆమె దగ్గర మిగిలిన కాలమెంతో ఆ అరుగు మీది పెద్దమనిషి ఒక్కసారి లోపలికొచ్చి చూస్తే బాగుండును.

చూడడు. చూస్తే చేతులు కనిపిస్తాయి. అంజినమ్మ అరచేతులు పన్నెండేళ్లుగా నల్లగానే ఉన్నాయి. సీకాయి పెట్టి రుద్దినా, చింతపండు పెట్టి తోమినా గీతల్లోని మసి వదలదు. పోయినేడు పెద్దత్త కొడుకు పెళ్లిలో పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని నాలుగడుగులు వేసిందో లేదో, ఆమె అత్త అక్కయమ్మ వచ్చి చల్లగా పళ్లెం లాక్కుంది. "నీ చేతులు చూస్తే నలుగురూ ఏమనుకుంటారే? పోయి వంటింట్లో చూసుకో పో" అంది. వంటింట్లో గిన్నెలకి నల్ల చేతులైనా పర్వాలేదు కాబోలు. కడ్డీల కార్ఖానాలో కూలి లెక్క రాసే మేస్త్రీ పుస్తకంలో కూడా ఆమె పేరు లేదు. 'వెంకటరాయప్ప ఇల్లు' అని ఉంటుంది. ఇల్లు ఊదుకడ్డీలు చుడుతుందన్నమాట, గోడలూ కప్పూ కలిసి.

ఇంత చాకిరీ ఎందుకంటే, ఒక గుండ్ల దండ కోసం. ఆరు తులాల బంగారు గుండ్లు. పెళ్లిలో అంజినమ్మ తల్లి తన మెడలోది తీసి కూతురి మెడలో వేసింది. ఆ దండ అంజినమ్మ మెడలో ఉన్న రోజులకంటే నగర్తపేటలోని సేటు ఇనప్పెట్టెలో ఉన్న రోజులే ఎక్కువ. మొదటిసారి మామగారి జబ్బుకి పెట్టారు. అప్పుడు ఆమె ఒక్క మాట అనలేదు, తానే తీసి ఇచ్చింది. కడ్డీలు చుట్టడం నేర్చుకుందీ ఆ అప్పు తీర్చడానికే. రెండోసారి మరిది మునినారాయణప్ప పెళ్లి ఖర్చుకి. మూడోసారి అదే మరిది వక్కల అంగడి పెట్టి మూసేసినందుకు. నాలుగోసారి వెంకటరాయప్ప అంగడిలో తనతోటి గుమాస్తాకి జామీను నిలబడ్డాడు. ఆ మహానుభావుడు బొంబాయికి రైలెక్కాడు. రెండు వందల రూపాయలు, నూటికి నెలకి రూపాయి వడ్డీ, అన్నీ వచ్చి ఈ ఇంటి మీద పడ్డాయి.

వెంకటరాయప్ప చెడ్డవాడు కాడు. అదే అసలు తంటా. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. ఎవరైనా వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే మాత్రం కరిగిపోతాడు. "పాపమే, పిల్లలు గలవాడు" అంటాడు. ఈ కరగడం అతనిది, కరిగినప్పుడల్లా ఖర్చయ్యేది పెళ్లాం మెడలోది. ఊళ్లో అతనికి ధర్మాత్ముడని పేరు. అంత చవగ్గా వచ్చిన పేరు బెంగళూరులో ఇంకెవరికీ లేదని అంజినమ్మ అనుకునేది. పైకి అనేది కాదు.

నాలుగో అప్పు తీర్చడానికి రెండేళ్లు పట్టింది. కాఫీ మానేసింది. పది రోజులు తల పగిలిపోయేది, కానీ తలనొప్పికి దుడ్లు అక్కర్లేదు కదా అని ఓర్చుకుంది. మజ్జిగ తనదాకా వచ్చేసరికి నీళ్లే. దీపావళికి చీర తీసుకోమంటే ఉన్నదే బాగుందంది. అప్పుడు అత్త "దీనికి నగా నాణ్యం మీద ఆశే లేదప్పా, బంగారంలాంటి గుణం" అని మెచ్చుకుంది. నెలనెలా సేటుకి కట్టడం, చీటీ మీద చెల్లు వేయించుకోవడం, మళ్లీ పలక ముందు కూర్చోవడం. సావిత్రి ఒకసారి "నేనూ చుడతానమ్మా" అని ముద్దలో చెయ్యి పెట్టబోతే, ఎన్నడూ లేనిది, ఆ చేతి మీద ఒక్కటి వేసింది. తర్వాత తానే ఏడ్చింది. ఈ ఒక్క అప్పు తీరితే చాలు, తర్వాత వచ్చే ప్రతి అణా ఆ పిల్ల పెద్ద చదువుకే అని ఆ రోజే అనుకుంది. పోయిన నెల చలిజ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా పలక ముందునుంచి లేవలేదు. చివరి తొమ్మిది రూపాయలు ఆ నెలతో పూర్తవుతాయని.

పూర్తయ్యాయి. గురువారం పొద్దున అంజినమ్మ నగర్తపేటకి వెళ్లి సేటు ముందు డబ్బులు పోసింది. సేటు మర్యాదస్తుడు. లెక్కపెట్టుకుని, చీటీ చింపి, ఎర్రగుడ్డ సంచిలోంచి దండ తీసి తూచి మరీ ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుంటుంటే, అతను ఆ ఖాళీ సంచిని దులిపి వెనక మేకుకి తగిలించాడు. దాని మీద వెంకటరాయప్ప అని సిరాతో రాసి ఉంది.

"దాన్ని పారేయొచ్చు కదా సేటూ" అంది అంజినమ్మ.

"ఎందుకమ్మా? మంచి సంచి. మళ్లీ మీరు వచ్చినప్పుడు పనికొస్తుంది" అన్నాడతను. వెటకారం లేదు. కొట్టుకి మామూలుగా వచ్చేవాళ్లతో ఎట్లా మాట్లాడతారో అట్లాగే అన్నాడు. ఆమెకి మొహం మీద చెంబెడు నీళ్లు కొట్టినట్టయింది. ఇంటికి నడిచినంత సేపూ అదే మాట. అతనికున్న నమ్మకం చూడు! తాను పన్నెండు లక్షల పైచిలుకు కడ్డీలు చుట్టి విడిపించింది దండనే కానీ సంచిని కాదు.

ఇంట్లో పాయసం వాసన. అక్కయమ్మ రేషను చక్కెర ధారాళంగా వాడేసి తన చేత్తో వండింది. మరిది మునినారాయణప్ప వచ్చి కూర్చున్నాడు. "రా వదినా, రా. రవంత కూర్చో" అన్నాడు. పన్నెండేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఆమెని కూర్చోమనలేదు. అంజినమ్మ కూర్చోకుండా కొంగు ముడిని ఇంకొంచెం బిగించుకుంది.

వెంకటరాయప్ప గొంతు సవరించుకున్నాడు. "అదేం లేదే, దండులో, ఆ కంటోన్మెంటు నిండా సోల్జర్లు ఉండారు కదా. సైకిళ్లు బాడిగకు ఇస్తే బాగా దుడ్లొస్తాయంట. మనోడు నాలుగు పాత సైకిళ్లు చూసి పెట్టుకోని ఉండాడు. రెండు వందల యాభై అయితాది. నేను మాటిచ్చినాను."

"ఎప్పుడిచ్చినారు?"

"ఎప్పుడైతే ఏముండాది? పోయిన నెల. ఎట్లాగూ నువ్వు విడిపిస్తా ఉండావు కదా అని."

పోయిన నెల. జ్వరంలో తాను తోసిన ఒక్కొక్క కడ్డీ అప్పటికే ఎవరికో మాటిచ్చేసిన కడ్డీ అన్నమాట. ఇంకా మేకుకి తగిలించని సంచి కోసం తాను ఒళ్లు కాలుతుంటే చుట్టింది. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. ఈ మనిషి తనని ఒక్క మాట అడగలేదు, అడగాలని తోచనైనా లేదు. కొళాయిని ఎవరైనా అడుగుతారా, తిప్పుతారు.

"ఇంటి బంగారం ఇంటికి కాకుంటే ఎవురికే?" అంది అక్కయమ్మ పాయసం గిన్నె అందిస్తూ. "నువ్వుండావు, మళ్లా విడిపిస్తావు. ఇంట్లో కూర్చొని చేసే పనే కదా. అయితే ఒరే, రేపు శుక్రవారం, లక్ష్మిని గడప దాటించకూడదు. శనివారం పొద్దున తీసుకోని పో."

అంజినమ్మ పాయసం తాగింది. చాలా తియ్యగా ఉంది. నెల చక్కెర మొత్తం అందులోనే ఉన్నట్టుంది. గిన్నెలు తోముతూ అత్త మాటే ఆలోచించింది. శుక్రవారం బంగారం గడప దాటదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి శుక్రవారం దాన్ని ఎవరూ కనిపెట్టుకుని ఉండరు.

శుక్రవారం తలంటుకుని, దీపం పెట్టి, దండ మెడలో వేసుకుంది. అక్కయమ్మ చూసి మురిసిపోయింది. "ఈ ఒక్క దినమన్నా మెడ నిండుగా పెట్టుకో" అంది. వెంకటరాయప్ప అంగడికి వెళ్లాక, అంజినమ్మ చుట్టిన కడ్డీల కట్టలు మంకరి బుట్టలో పేర్చుకుని రోజూలాగే కార్ఖానాకి బయలుదేరింది. గడప దగ్గర కాలు ఒక్క క్షణం ఆగింది. చిన్నప్పటినుంచి విన్న మాట కదా, భయమేసింది. లక్ష్మి అలుగుతుందేమో అనుకుంది. అలిగితే అలగనీ, నాలుగుసార్లు సేటు పెట్టెలో కూర్చున్నప్పుడు అలగని లక్ష్మి ఇప్పుడే అలుగుతుందా అనుకుని దాటేసింది.

కార్ఖానాలో కట్టలు అప్పజెప్పి, నేరుగా నగల అంగడికి వెళ్లింది. యుద్ధంలో బంగారం ధర ఎక్కడికో పోయింది. తరుగు పోను మూడు వందల అరవై చేతికొచ్చాయి. చివరి గుండు త్రాసులో పడుతున్నప్పుడు మాత్రం తల్లి గుర్తొచ్చింది. అమ్మ దాన్ని మెడలో వేసింది కూతురు దాన్ని జన్మంతా విడిపించుకుంటూ బతకాలని కాదు కదా అని తనకి తానే చెప్పుకుని, నోట్లు రవికలో దోపుకుంది.

పోస్టాఫీసులో గుమాస్తా కాగితం ముందుకి లాక్కుని "ఎవరి పేరున?" అన్నాడు.

"అంజినమ్మ."

"యజమానుల పేరు?"

ఆడది మొగుడి పేరు చెప్పదు. పన్నెండేళ్లలో ఆమె ఒక్కసారీ నోరు జారలేదు. ఇంకెవరైనా పక్కనుంటే వాళ్లచేత చెప్పించేది. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు. "వెంకటరాయప్ప" అంది, కొంచెం గట్టిగానే. కొంప ఏమీ మునగలేదు. గుమాస్తా రాసుకున్నాడు.

"డబ్బులు తీసుకోవడానికి ఎవరొస్తారు?"

"నేనే వస్తాను. నేను సంతకం చేస్తే తప్ప ఎవురికీ ఇయ్యొద్దండి" అంది. నాలుగో క్లాసులో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టింది. కాగితం మూలన బొటనవేలి మసి కూడా అంటుకుంది.

శనివారం పొద్దున వెంకటరాయప్ప కోటు తొడుక్కుని సిద్ధమయ్యాడు. మరిది గుమ్మంలో నిలబడ్డాడు. చలికి చుట్టుకున్న పైట తీయకుండానే తిరుగుతున్న అంజినమ్మని "తీసుకురావే, టైమైతాది" అన్నాడు మొగుడు. ఆమె లోపలికెళ్లి పాసుబుక్కు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు.

"ఏమిది?"

"దండ. నిన్న అమ్మేసినాను. దుడ్లు పోస్టాఫీసులో ఉండాయి, సావిత్రి చదువుకి."

అక్కయమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో అయ్యో, శుక్రవారం బంగారం అమ్మినావే?"

"శనివారం దాకా ఉంటే కుదువకు పొయ్యేది కదత్తా" అంది అంజినమ్మ.

మరిది మెల్లగా గుమ్మం దిగి బయట నిలబడ్డాడు. వెంకటరాయప్ప మొహంలో కోపం కంటే అయోమయమే ఎక్కువగా కనిపించింది. కొళాయి తిప్పితే నీళ్లు రాకపోతే మనిషి ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. "నన్ను ఒక్క మాటన్నా అడగొద్దా?" అన్నాడు. ఆ ప్రశ్న తన నోట్లోంచి వచ్చినందుకు అతనికి ఏమీ అనిపించలేదు. అంజినమ్మకి మాత్రం నవ్వొచ్చింది. "మాటిచ్చినానే, నలుగురిలో నా మాటేం కావాల?" అన్నాడు మళ్లీ, దీనంగా. ఇదివరకైతే ఆ దీనత్వానికే ఆమె కరిగిపోయేది.

ఆమె గోడకి ఆనించిన పలక తీసి అతని కాళ్ల ముందు పరిచింది. బొగ్గుముద్ద గిన్నె, వెదురుపుల్లల కట్ట పక్కన పెట్టింది.

"మాట మీది. రెండు వందల యాభై రూపాయలంటే పదమూడు లక్షల ముప్పై మూడు వేల కడ్డీలు. కోటు తీసి కూర్చోండి, చుట్టడం నేర్పిస్తాను."