తేలిక కర్రలు

తిరుమలసామి నాయకరుకు ఏ లోటూ లేదు, ఒక్క కుర్చీ తప్ప.

తమిళనాట కోవిల్‌పట్టి బయట తెల్లదొరల క్లబ్బుండేది. రేకుల కప్పు, ముందొక వరండా, వరండాలో వరసగా పేము కుర్చీలు. వాటిలో ఒకదానిలో కూర్చోవాలని నాయకరు కోరిక. కోరుకోవడంలో తప్పేముంది, కోరికకు పన్నా? కానీ ఆ కోరిక ఆయన్ని పీల్చినట్టు ఏ జ్వరమూ పీల్చలేదు. కోత అయ్యాక మళ్ళీ విత్తనం పడేదాకా దొరలు గోల్ఫు ఆడేది ఆయన నల్లరేగడి చేలోనే. చేను ఊరికే ఇచ్చాడు. బంతి పడే గుంటల చుట్టూ పరచడానికి బండ్లతో ఇసుక తోలించాడు, ఆ ఇసుక అణగడానికి నూనె పోయించాడు. ఇంత చేసినా, క్లబ్బుకు వెళితే చెప్పులు విడిచి మెట్ల కింద నిలబడాల్సిందే. దొర పైనుంచి మాట్లాడేవాడు, ఈయన తల ఎత్తి వినేవాడు. మెడ నొప్పి పుట్టి ఇంటికి వచ్చి భార్య పట్టమ్మాళ్ చేత నూనె రాయించుకునేవాడు.

పందొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో క్లేటన్ దొర ఆ కోరికను కనిపెట్టాడు. ఆ దొర విరుదునగరంలో దూది ప్రెస్సుకు మేనేజరు, ఈ క్లబ్బుకు కార్యదర్శి. కనిపెట్టినవాడు ఊరుకుంటాడా? భాద్రపదం పోయి ఆశ్వయుజం వచ్చే పురటాసి నెలలో కోవిల్‌పట్టికీ విరుదునగరానికీ గోల్ఫు పందెం పెడదాం, ఏర్పాట్లన్నీ నువ్వే చూడు, నువ్వూ ఆడు, బాగా ఆడితే నీ పేరు సభ్యత్వానికి పెడతాను అన్నాడు. ఆ మాటలను నాయకరు ఇంటి భాష తెలుగులో చెప్పింది పెరుమాళ్సామి. పట్టమ్మాళ్ తమ్ముడు, ప్రెస్సులో గుమాస్తా.

"కుర్చీ కూడానా? బాగా అడుగు," అన్నాడు నాయకరు.

"కుర్చీ కూడానే, బావా."

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నక్కకైనా నొప్పి తెలిసి ఉంటుంది, నాయకరుకు అదీ తెలియలేదు.

ఆడాలంటే కర్రలు కావాలి. చెన్నపట్నం నుంచి దొర తెప్పించిన తోలు సంచులను ప్రెస్సు గోదాములో గోనెపట్టా మీద పరిచారు. ఒక్కో సంచిలో చిన్నా పెద్దా కర్రలు, కొన్నింటికి ఇనుప మూతి, కొన్నింటికి చెక్క మూతి.

"బావా, దొర చెప్పేది ఏమంటే, మీరే ఏరుకోవాల. ఏరినాక మార్చేదానికి లేదు. పందెం అయ్యేదాకా ఆ కర్రలతోనే ఆడాల," అన్నాడు పెరుమాళ్సామి.

"నాకా చెప్తావు కర్ర ఏరేది!"

ఆ మాటలో పొగరు ఉంది గాని అబద్ధం లేదు. వాళ్ళ వంశంలో ములుకోల ఏరడం ఆషామాషీ వ్యవహారం కాదు. మగబిడ్డ మొదటిసారి అరక పట్టే రోజున మేనమామ కట్టలోంచి ములుకోల ఏరి చేతికిస్తాడు. అది వేలి మీద నిలబెడితే తూలకూడదు. నేల మీద ఆనిస్తే పిడి బొడ్డు దాటకూడదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఎద్దుల వెనక ఆడించినా మణికట్టు లాగకూడదు. తేలిక కర్రే మంచి కర్ర. బరువు కర్ర మొరటువాడికి, అదీ ఎద్దును కొట్టేవాడికి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా ములుకోల కావాలంటే తిరుమలసామి చేతనే ఏరించుకునేవారు.

ఆయన ఒక్కో కర్రనూ తీసి వేలి మీద నిలబెట్టాడు. బొడ్డు దగ్గర ఆనించి చూశాడు. బరువైనవాటిని చీపురుకట్టలా పక్కకు విసిరేశాడు. చివరికి ఒక సంచి ఎత్తి భుజాన వేసుకున్నాడు. అందులోని కర్రలన్నీ పొట్టివి, సన్నవి, పూచికపుల్లంత తేలిక. దొర చప్పట్లు కొట్టి ఏదో అన్నాడు.

"నీ కన్నే కన్ను అంటా ఉండాడు," అన్నాడు పెరుమాళ్సామి. ఆ మాట అంటూ బావ మొహం వైపు చూడలేదు, బయట దూది మూటల వైపు చూశాడు.

ఇక నాయకరును పట్టేవాళ్ళు లేరు. పొద్దున్నే చేలో బంతి కొట్టడం, మధ్యాహ్నం పందిరి, సోడాలు, బెంచీలు అంటూ బండి కట్టించడం. రేగడి ఎండితే నోళ్ళు తెరుస్తుంది, ఆ నెరియల్లో పడ్డ బంతి ఇక దొరకదు. వాటిలో ఇసుక నింపే పని మాయాండిది. మాయాండి ఆ చేనుకే, పంటలో పాలు తీసుకునే వారపు రైతు. ఆ చేను పండితేనే వాడి ఇంట్లో సజ్జ సంకటి ఉడికేది.

ఆ ఏడు వాన ముందుగా వచ్చింది. ఒక్క రాత్రి దంచి కొట్టి వెళ్ళింది. నెరియలు మూసుకున్నాయి. చేను అణిగి, అద్దినట్టు చదునై, బంతి దొర్లడానికి అంతకన్నా బాగుండదనిపించింది. విత్తడానికి కూడా అంతకన్నా బాగుండదు. మాయాండి గొర్రు భుజాన వేసుకుని, విత్తనాల మూట పెళ్ళాం సీనియమ్మాళ్ నెత్తిన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

"సామీ, నేల తడిసి మంచి ఈరం ఉండాది. ఈ రెండు మూడు నాళ్ళలో విత్తేస్తే చాలు. విడిస్తే పోయింది."

"పందెం అయినాక విత్తుకో."

"అంతదాకా ఈరం నిలవదు సామీ. ఒక పక్కనైనా..."

"గొర్రు చేలో దిగిందో, నిన్ను దానికే కట్టి దున్నిస్తాను."

వాళ్ళు కదల్లేదు. ఈలోగా సీనియమ్మాళ్ వెనకే వచ్చిన మేకపిల్ల ఒకటి పోయి, గుంట చుట్టూ పరిచిన నూనె ఇసుక మీద గంతులు వేసింది. నాయకరు చేతిలో ఇనుప మూతి కర్ర ఉంది. ఒక్కటే దెబ్బ. కాలు విరిగి మేకపిల్ల ఇసుకలో పడి అరుస్తూ ఉంటే సీనియమ్మాళ్ మూట దించి పరుగెత్తింది. నాయకరు చూసింది మేకపిల్లను కాదు, కర్రను. వంగలేదు, బీటవారలేదు.

"తేలికే గాని గట్టిది," అన్నాడు తృప్తిగా.

అంత పాపపు మాట ఆ చేలో అంతకు ముందు ఎవరూ అని ఉండరు. ఎదురు మాట అనడానికి మాయాండికి ఇంకో చేను లేదు. మేకపిల్లను సంకలో పెట్టుకుని, గొర్రు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

పందెం రోజున పందిరి కింద దొరసానులు, వరండాలో దొరలు. సోడాలు, బిస్కెట్లు, విరుదునగరం నుంచి తెప్పించిన బ్యాండు, అన్నీ నాయకరు చలవే. ఆయన జరీ తలపాగా చుట్టి, కోటు తొడిగి, సంచి భుజాన వేసుకుని మెట్ల కింద నిలబడ్డాడు. పైన ఒక పేము కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద కొత్త మెత్త వేసి ఉంది. చూపు దాని మీదనుంచి తిప్పుకోలేకపోయాడు.

క్లేటన్ దొర ఆడేవాళ్ళ పేర్లు చదివాడు. దొరల పేర్లన్నీ అయిపోయాయి. నాయకరు పేరు రాలేదు. తరవాత దొరసానుల పేర్లు మొదలయ్యాయి. అందులో చివరి పేరు చదివేసరికి వరండా అంతా గొల్లున నవ్వింది. ఒక దొర నవ్వు ఆపుకోలేక కుర్చీ చేయి పట్టుకున్నాడు. తన పేరు ఎక్కడున్నా నాయకరుకు వినబడుతుంది కదా. విని, అర్థం కాక, అందరితో పాటు తనూ కొంచెం నవ్వాడు.

"ఏమిరా, ఏమి చెప్తాడు?"

పెరుమాళ్సామి బావ చెవి దగ్గరికి వంగాడు. "బావా, మీరు ఏరింది దొరసానుల కర్రలు. ఆడవాళ్ళ కొలతకు చేసినవి. ఏరినోళ్ళు ఆ కర్రలతోనే ఆడాల కదా. అందుకని దొరసానులతో ఆడమంటాడు."

"నీకు తెలుసునా?"

"గోదాములోనే తెలుసును."

"మరి చెప్పలేదేమిరా?"

"చెప్తే కొలువు తీసేస్తాననినాడు."

వెనక్కి తిరిగి నడిస్తే అయిపోయేది. చేను తనది, బండి తనది, ఎవడాపుతాడు? కానీ కుర్చీ అక్కడే ఉంది, మెత్తతో సహా. బాగా ఆడితే అన్నాడు కదా దొర, ఎవరితో ఆడాలో చెప్పలేదు కదా! నాయకరు తనకు తానే అలా చెప్పుకుని, కోటు గుండీలు పెట్టుకుని, దొరసానుల వెంట నడిచాడు.

ఆడాడు. చెమటలు కారుతుంటే, ప్రతి దెబ్బకూ వరండాలోంచి ఈలలు వస్తుంటే, పళ్ళు బిగించి ఆడాడు. వాళ్ళు సరదాకు ఆడుతుంటే ఈయన బతుకు పణంగా పెట్టి ఆడాడు. గెలిచాడు.

సాయంత్రం బహుమతి ఇచ్చింది క్లేటన్ దొరసాని. నీలం గుడ్డ అతికించిన పెట్టె, లోపల సూదులు, దారాలు, చిన్న కత్తెర. బ్యాండు వాయించారు. నాయకరు పెట్టె రెండు చేతులతో అందుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి పైకి చూశాడు.

దొర నవ్వుతూ, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. పెరుమాళ్సామి నేల చూస్తూ తెలుగు చేశాడు. "బాగా ఆడినావంట బావా. అయితే ఆడవాళ్ళ పందెంలో గెలిచినావంట. ఈ క్లబ్బులో ఆడవాళ్ళకు సభ్యత్వం లేదంట."

నాయకరు కాలు వెనక్కి తీసుకున్నాడు. ఖాళీ కుర్చీలో దొర కుక్క ఎక్కి పడుకుంది, ఎవరూ దాన్ని దించలేదు.

ఇంటికి రాగానే పట్టమ్మాళ్ పెట్టె తెరిచి మురిసిపోయింది. "దొరసాని చేతులారా ఇచ్చిందా? నాకోసరమా?" అంటూ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. ఆయన అన్నం ముట్టలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపాలంటే దుత్త కావాలి కదా, తెల్లవారగానే చేనుకు బయల్దేరాడు.

మాయాండి అక్కడే ఉన్నాడు, గొర్రుతో, ఎద్దులతో. పందెం అయ్యింది కదా, ఇక విత్తుకోవచ్చునా అని అడగడానికి. నాయకరు కాలి బొటనవేలితో నేల గీకాడు. బూడిదలా లేచింది. ఈరం ఎప్పుడో పోయింది, ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

"విత్తుకో," అన్నాడు. "నేను వద్దంటినా?"

ఇంకో వాన పడకపోతుందా అని మాయాండి విత్తాడు. ఇంట్లో ఉన్న గింజంతా తెచ్చి దుమ్ములో పోశాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ చేనును చూసి అంతమంది నవ్వారు, అది పండలేదు. మళ్ళీ వాన రాలేదు, చీమలు గింజల్ని మోసుకుపోయాయి.

మరుసటి ఏడు ఎండలకు నెరియలు ఎప్పటికన్నా పెద్దవిగా తెరుచుకున్నాయి. నాయకరు వాటిని నింపడానికి రమ్మని మాయాండి గుడిసె ముందు నిలబడి కేకలేశాడు. తడిక తాడుతో కట్టేసి ఉంది. పక్కింటి ముసలమ్మ వేలమ్మాళ్ బయటికి వచ్చి, "వాళ్ళు శివకాశికి పోయి ఎన్నాళ్ళో అయింది సామీ, అగ్గిపెట్టెల పనికి," అంది. మేకపిల్ల ఏమైందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

పిలిస్తే వచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆడవాళ్ళ పందెంలో గెలిచిన నాయకరని ఊరంతా చాటున నవ్వుకుంటోంది, కూలికి పిలిచినా ముసిముసిగా నవ్వి తప్పుకుంటున్నారు. నాయకరే తట్ట ఎత్తుకున్నాడు. ఇసుక మోసి నెరియల్లో పోస్తుంటే పెరుమాళ్సామి సైకిలు దిగి గట్టు మీద నిలబడ్డాడు.

"దొర పంపించినాడు బావా. పురటాసిలో మళ్ళీ పందెం. కొత్త కర్రలు వచ్చినాయి, వచ్చి ఏరుకొమ్మన్నాడు." గొంతు తగ్గించాడు. "పోవద్దు బావా. నా కొలువు పోతే పోనీ, చెప్తా ఉండాను. నవ్వేదానికే పిలుస్తారు."

నాయకరు తట్ట దించాడు. క్లబ్బు వరండా వైపు చూశాడు. మెడ మీద చెమట తుడుచుకుని అడిగాడు.

"బరువైనవి ఉండాయా?"